వెలుగు నుంచి కరెంటు – 5వ పాఠం: వోల్టులు చూసి వెలుగు కొలవకండి

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చిన్నదే. బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడును (వెలుగు పడితే కరెంటిచ్చే చిన్న సిలికాన్ డయోడును) 9 వాట్ల ఎల్ఈడీ బల్బుకు ఎదురుగా 10, 20, 40, 80 సెంటీమీటర్ల దూరాల్లో పెట్టి, ఎంత కరెంటు వచ్చిందో రాయమన్నాను. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోవాలి, దానితోపాటు కరెంటూ పడిపోవాలి. చాలామందికి అలా రాలేదు. మీ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పులు నాలుగైదు రకాలకు మించి లేవు. వాటిలో ఒకటి మాత్రం వెలుగుకూ కరెంటుకూ ఉన్న సంబంధాన్నే తలకిందులు చేస్తుంది. దాన్ని వదిలేసి రంగుల పాఠంలోకి దిగితే అది పునాది లేని గోడే. అందుకే ఈసారి సగం పాఠం పాత లెక్క సరిచేయడానికే పోతుంది.

ముందు చిన్న తప్పులు.

కొందరికి ఎంత దగ్గర పెట్టినా దాదాపు సున్నాయే వచ్చింది. మీ దగ్గరున్న డయోడు ఒళ్లు నల్లగా ఉందేమో చూడండి. బీపీడబ్ల్యూ34 పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న రకానికి నల్లని ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అది పరారుణాన్ని మాత్రమే లోపలికి పంపుతుంది. ఎల్ఈడీ బల్బులో పరారుణం దాదాపు ఉండదు కాబట్టి ఆ జంటకు ఒకరికొకరు కనపడరు. అదే డయోడును టీవీ రిమోటు ముందు పెడితే పనిచేస్తుంది. మనకు కావాల్సింది నీళ్లలా పారదర్శకంగా ఉన్న రకం.

మైనస్ గుర్తు వచ్చిందని కంగారు పడినవారు వైర్లు అటుదిటు చేయండి. వెలుగు పడినప్పుడు డయోడు ఆనోడే ప్లస్.

80 సెంటీమీటర్ల దగ్గర రావాల్సినదానికంటే ఎక్కువ వచ్చిందంటే అది గదిలోని వెలుగు. బల్బు ఆర్పి వచ్చిన అంకెను తీసేస్తే సరిపోతుందని అనుకోవద్దు. బల్బు వెలుగు గోడకు, టేబులుకు, మీ తెల్ల చొక్కాకు తగిలి తిరిగొస్తుంది, అదీ డయోడు మీద పడుతుంది. బల్బు వెలుగుతుండగానే, బల్బుకూ డయోడుకూ సరిగ్గా మధ్యలో అరచేయంత నల్ల అట్టముక్క పెట్టి ఒక రీడింగు తీసుకోండి. నేరుగా వచ్చే వెలుగు ఆగుతుంది, గోడల నుంచి వచ్చేది మాత్రం వస్తూనే ఉంటుంది. ఆ అంకెనే తీసేయాలి. ప్రతి దూరం దగ్గరా విడిగా. డయోడుకు నల్ల చార్టు కాగితంతో 8 సెంటీమీటర్ల గొట్టం చుడితే తీసేయాల్సిన అంకె బాగా చిన్నదవుతుంది. నేనైతే గొట్టం లేకుండా అసలు కొలవను.

మీటరును 20 మిల్లీఆంపియర్ల రేంజిలో పెట్టినవారికి 0.04, 0.01, 0.00 అని వచ్చింది. ఆ రేంజిలో చివరి అంకె విలువే 10 మైక్రోఆంపియర్లు. అది తప్పు కొలత కాదు, మొరటు కొలత.

ఇక అసలు విషయం. మీలో చాలామంది మీటరును వోల్టుల మీద పెట్టి, డయోడు రెండు కాళ్లకు నేరుగా తగిలించి చదివారు. దాదాపు ఇలా వచ్చింది: 10 సెంటీమీటర్ల దగ్గర 382 మిల్లీవోల్టులు, 20 దగ్గర 350, 40 దగ్గర 316, 80 దగ్గర 282. దీన్ని చూసి 'దూరం ఎనిమిది రెట్లైనా వెలుగు పావు వంతే తగ్గింది' అని రాశారు. ఇంకొందరు 'డయోడు చెడిపోయింది' అన్నారు. డయోడు చెడిపోలేదు. అది చాలా నిజాయితీగా జవాబు చెప్పింది, మీరు అడిగిన ప్రశ్న వేరు.

చెరువును ఊహించుకోండి. కాలువ నుంచి నీళ్లు వచ్చి పడుతున్నాయి. కట్టకు ఒక పక్క తూము, ఇంకో పక్క అలుగు, తెలంగాణలో మత్తడి అంటారే, అది. తూము పూర్తిగా ఎత్తేసి ఉంచితే వచ్చిన నీళ్లు వచ్చినట్టే బయటికి పోతాయి. కాలువలో నీళ్లు రెట్టింపైతే తూములోంచి పోయేవీ రెట్టింపవుతాయి. ఇప్పుడు తూము మూసేయండి. నీటి మట్టం పెరిగి పెరిగి అలుగు దాకా వస్తుంది, అక్కడి నుంచి పొర్లడం మొదలవుతుంది. వచ్చే నీళ్లెన్నో పొర్లే నీళ్లూ అన్నే అయ్యాక మట్టం ఆగిపోతుంది. ఈ దశలో కాలువ నీళ్లు రెట్టింపైతే మట్టం రెట్టింపవుతుందా? అలుగు మీద నాలుగు వేళ్లు పెరుగుతుంది, అంతే. ఆ మట్టాన్ని కర్రతో కొలిచి కాలువలో ఎన్ని నీళ్లొస్తున్నాయో చెప్పబోవడం, వోల్టులు చూసి వెలుగు చెప్పబోవడం, రెండూ ఒకటే.

డయోడులో కాలువ అంటే ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు. ఒక్కో ఫోటాన్ సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ను కట్టు విడిపిస్తుంది. పీ, ఎన్ అనే రెండు రకాల సిలికాన్ పొరలు కలిసే చోట, అంటే పీ-ఎన్ సంధి దగ్గరున్న విద్యుత్ క్షేత్రం ఆ ఎలక్ట్రాన్‌ను ఎన్ వైపుకు, అది విడిచిన ఖాళీని పీ వైపుకు తోస్తుంది. బయట దారి ఉంటే అవి ఆ దారిన పోయి కలుస్తాయి. అదే తెరిచిన తూము, దాన్ని షార్ట్ సర్క్యూట్ కరెంటు అంటాం. బయట దారి లేకపోతే రెండు వైపులా ఆవేశం పేరుకుని వోల్టేజి పెరుగుతుంది. ఆ వోల్టేజి డయోడుకే ఫార్వర్డ్ బయాస్ అవుతుంది, అంటే డయోడు కరెంటును తేలిగ్గా పోనిచ్చే దిశలో పనిచేస్తుంది. అప్పుడు డయోడు తన లోపలి నుంచే కరెంటును వెనక్కి పోనిస్తుంది. ఇదే అలుగు. పైగా ఈ అలుగు తీరు చాలా నిటారైనది: వోల్టేజి 60 మిల్లీవోల్టులు పెరిగేసరికి పొర్లే కరెంటు పది రెట్లవుతుంది. అందుకే వెలుగు పది రెట్లు పెంచినా మట్టం 60 మిల్లీవోల్టులే పెరుగుతుంది. రెట్టింపు చేస్తే 18 మాత్రమే.

వోల్టులు చదివినవారు ఆ అంకెలు పారేయకండి. వరస తేడాలు చూడండి: 32, 34, 34. దాదాపు సమానం. వెలుగు ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో తగ్గింది కాబట్టి వోల్టేజి ప్రతిసారీ ఒకే మొత్తం తగ్గింది. వెలుగులో భాగాహారం, వోల్టేజిలో తీసివేత. 34ను గది ఉష్ణోగ్రత దగ్గరి విలువ 26 మిల్లీవోల్టులతో భాగిస్తే 1.31. సహజ సంవర్గమానం 1.31 అయ్యే సంఖ్య 3.7. అంటే వెలుగు 3.7 రెట్లు తగ్గిందన్నమాట. ఈ 26 ఎక్కడిదంటే, బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణించి ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగిస్తే 30 డిగ్రీల దగ్గర వచ్చే విలువ. డయోడు పరిపూర్ణం కాకపోతే తేడాలు కొంచెం పెద్దవిగా, 40 దాకా రావచ్చు.

వోల్టులు చూడొద్దంటే, మరి కరెంటును ఎలా చూడాలి? మీటరులో 200 మైక్రోఆంపియర్ల రేంజి ఉంటే నేరుగా అదే. చౌక మీటర్లలో చాలావాటికి అతిచిన్న రేంజి 2000 మైక్రోఆంపియర్లు, అది కూడా పనికొస్తుంది కానీ దశాంశం ఉండదు. నా పద్ధతి వేరు. డయోడు రెండు కాళ్లకూ 1 కిలోఓమ్ రెసిస్టరు అడ్డంగా వేసి, దాని మీద వోల్టేజిని 200 మిల్లీవోల్టుల రేంజిలో చదువుతాను. ఒక కిలోఓమ్ మీద ఒక మిల్లీవోల్టు అంటే సరిగ్గా ఒక మైక్రోఆంపియర్. లెక్క అక్కర్లేదు, మిల్లీవోల్టులు చదివి మైక్రోఆంపియర్లని రాసుకోవడమే. 0.1 మైక్రోఆంపియర్ దాకా కనిపిస్తుంది, మీటరు ఫ్యూజు పోయే భయమూ లేదు. ఒక శాతం తేడా ఉండే మెటల్ ఫిల్మ్ రెసిస్టరు తీసుకోండి, రూపాయో రెండో అవుతుంది.

ఈ పద్ధతి చెప్పిన వెంటనే వచ్చే కోరిక కూడా తెలుసు: 'అంకె చిన్నదిగా ఉంది, 10 కిలోఓమ్‌లు వేస్తే పదింతలు పెద్దగా కనిపిస్తుంది కదా?' పోయినసారి కొందరు అదే చేశారు. దూరంగా ఉన్నప్పుడు సరిపోతుంది, దగ్గరికొస్తే మళ్లీ అలుగులోనే పడతారు. ఒకే బల్బు, ఒకే డయోడు, రెండు రెసిస్టర్లతో అంకెలు ఎలా ఉంటాయో చూడండి. 1 కిలోఓమ్‌తో 10 నుంచి 80 సెంటీమీటర్ల దాకా వరసగా 148, 44, 12.1, 3.2 మిల్లీవోల్టులు. 10 కిలోఓమ్‌లతో 1480, 440, 121, 32 రావాలి. వచ్చేది మాత్రం 374, 317, 121, 32. దూరపు రెండూ నిజం, దగ్గరి రెండూ అబద్ధం. ఎందుకంటే సిలికాన్ డయోడు ఈ వెలుగులో 400 మిల్లీవోల్టులు దాటి నిలబడలేదు. రెసిస్టరు మీద 440 కావాలని మీరు అడిగితే, 300 దాటగానే డయోడు లోపల పొర్లడం మొదలవుతుంది. 44 మైక్రోఆంపియర్లలో 12 అలుగు మీదుగా వెనక్కి పోయి, 32 మాత్రమే రెసిస్టరులోకి వస్తాయి. ఒక నియమం పెట్టుకోండి: సిలికాన్ డయోడు అయితే రెసిస్టరు మీద వోల్టేజి 150 మిల్లీవోల్టులు దాటకూడదు. దాటితే చిన్న రెసిస్టరుకు మారాలి. వెలుగు తగ్గితే పెద్దదానికి. మట్టం ఎప్పుడూ అలుగుకు బాగా కిందే ఉండాలి.

ఇదంతా డయోడుతో ఆగిపోయే సంగతి అయితే ఇంత సాగదీసేవాణ్ణి కాదు. ఇదే పొరపాటు ఇంటి పైకప్పుల మీద, పొలాల్లో రోజూ జరుగుతోంది. 12 వోల్టుల సోలార్ ప్యానెలుకు పొద్దున ఆరున్నరకే మీటరు పెట్టి '19 వోల్టులు వస్తోంది, ప్యానెల్ బాగుంది' అనేస్తారు. 36 సెల్స్ వరసగా ఉన్న ప్యానెల్ మధ్యాహ్నపు ఎండలో 21, 22 వోల్టులు చూపిస్తుంది, లేత వెలుగులో 19. మట్టి పేరుకుని సగం వెలుగు ఆగిపోయినా ఒక్కో సెల్‌కు తగ్గేది 18 మిల్లీవోల్టులు, మొత్తం మీద ఒక వోల్టు కూడా తగ్గదు. ఆ ప్యానెల్ బ్యాటరీకి ఇవ్వగలిగిన కరెంటు మాత్రం సగమైపోయింది. వోల్టేజి చూసి తెలుసుకోగలిగేది వైరు తెగలేదని, కలిపిన చోట ఊడిపోలేదని, అంతవరకే. పైగా వేసవిలో వోల్టేజి ఇంకో రకంగా తప్పుదారి పట్టిస్తుంది. సెల్ ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే, 25 డిగ్రీల దగ్గర ఉన్నదాని కంటే 36 సెల్స్‌కు కలిపి దాదాపు 3 వోల్టులు తక్కువ. వెలుగు దండిగా ఉన్న మిట్టమధ్యాహ్నమే వోల్టేజి పొద్దున కంటే పడిపోవచ్చు. 10 వాట్ల చిన్న ప్యానెలైతే మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి నేరుగా షార్ట్ సర్క్యూట్ కరెంటు చదవండి, మంచి ఎండలో అర ఆంపియర్ పైనే రావాలి. ఇంటి పైకప్పు మీద వరసగా కలిపిన పెద్ద ప్యానెళ్లను మాత్రం ఎప్పుడూ ఇలా షార్ట్ చేయకండి. అవి వందల వోల్టుల డీసీ. ఆ కనెక్షన్ విడదీసేటప్పుడు పుట్టే ఆర్క్ ఆరదు, చేతులు కాలుతాయి.

సరిగ్గా 1 కిలోఓమ్‌తో కొలిచినవారికీ ఒక సందేహం మిగిలింది. 148కి 44కి నిష్పత్తి 3.4, 44కి 12.1కి 3.6, ఆ తరవాత 3.8. నాలుగు ఎక్కడా రాలేదు, దూరం పెరిగేకొద్దీ నాలుగుకు దగ్గరవుతోంది. మీరు కొలిచింది బాగానే ఉంది, దూరం కొలవడం మొదలుపెట్టిన చోటే తేడా. మీరు బల్బు తెల్ల గుండు అంచు నుంచి టేపు పెట్టారు. వెలుగు మాత్రం ఇంకా లోపలి నుంచి బయల్దేరుతున్నట్టు ప్రవర్తిస్తుంది. ఎంత లోపలి నుంచో తెలుసుకోవడానికి బల్బు పగలగొట్టనక్కర్లేదు. ప్రతి కరెంటుకూ వర్గమూలం తీసి, ఒకటిని దానితో భాగించండి: 0.0822, 0.151, 0.287, 0.559. వీటిని దూరానికి ఎదురుగా గ్రాఫు కాగితం మీద పెడితే సరళరేఖ వస్తుంది. ఆ గీతను ఎడమకు పొడిగిస్తే అది సున్నాను తాకేది సున్నా సెంటీమీటర్ల దగ్గర కాదు, మైనస్ 2 దగ్గర. అంటే ప్రతి దూరానికీ 2 సెంటీమీటర్లు కలపాలి. 12, 22, 42, 82తో లెక్క చూడండి, విలోమ వర్గ నియమం చక్కగా కూర్చుంటుంది. ఈ గ్రాఫు ఒక్కటి నేర్చుకున్నా ఈ పాఠం గిట్టుబాటే.

ఇప్పుడు రంగుల సంగతి.

కొంతమంది మొదటి పాఠంలో చెప్పిన జింకు పలక ప్రయోగాన్ని (వెలుగుతో జింకు నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేదాన్ని) నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చితో చేసి, పలక మీది ఆవేశాన్ని చూపే ఎలక్ట్రోస్కోపు రేకులు కదల్లేదన్నారు. కదలవు. ఆ టార్చి వెలుగు 395 నానోమీటర్లు. 1240ను నానోమీటర్లతో భాగిస్తే ఒక్కో ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుందని మీకు తెలుసు: 3.14. జింకు నుంచి ఎలక్ట్రాన్ బయటపడాలంటే కావాల్సిన పని ప్రమేయం సుమారు 4.3. ఇలాంటి టార్చీలు వెయ్యి పెట్టినా ఒక్క ఎలక్ట్రాన్ ఊడదు, ఎందుకంటే ఒక ఎలక్ట్రాన్‌కు ఒకే ఫోటాన్ అందుతుంది, ఇద్దరు కలిసి తోయడం ఈ వెలుగుల్లో జరగదు. జింకుకు 288 నానోమీటర్ల లోపు వెలుగు కావాలి. సూర్యకాంతిలో సుమారు 290 లోపుదాన్ని ఓజోను పైనే మింగేస్తుంది, మిగిలినదాన్ని కిటికీ అద్దం ఆపేస్తుంది. నీళ్ల ఫిల్టర్లలో వాడే 254 నానోమీటర్ల ట్యూబు వెలుగులో ఒక్కో ఫోటాన్‌కు 4.88 ఎలక్ట్రాన్ వోల్టులుంటాయి, అది పనిచేస్తుంది. కానీ ఆ ట్యూబు బయట విప్పి వెలిగిస్తే కళ్లకూ చర్మానికీ నిమిషాల్లో హాని. కళాశాల ప్రయోగశాలలో, అద్దం తెర వెనక నుంచి చూడండి, ఇంట్లో వద్దు. అక్కడ కూడా రెండు మాటలు గుర్తుంచుకోండి. పలకను గరుకు కాగితంతో రుద్దిన కొద్ది నిమిషాల్లోనే చేయాలి, లేకపోతే ఆక్సైడు పొర అడ్డం. ఆవేశం మైనస్ కావాలి, ఉన్ని గుడ్డతో రుద్దిన పీవీసీ పైపు తాకిస్తే అదే వస్తుంది. ప్లస్ ఆవేశం ఉన్న పలక, బయటపడిన ఎలక్ట్రాన్‌ను మళ్లీ లాగేసుకుంటుంది.

1902లో లెనార్డ్ చూసింది ఇదే: వెలుగు పెంచితే బయటికొచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది, ఒక్కో ఎలక్ట్రాన్ శక్తి పెరగదు. 1905లో ఐన్‌స్టీన్ దానికి కారణం చెప్పాడు. మిలికన్ దాన్ని నమ్మలేక ఏళ్ల తరబడి పరీక్షించాడు. శూన్యంలో తిరిగే కత్తితో సోడియం, పొటాషియం, లిథియం ముక్కలను చెక్కి, మచ్చలేని తాజా ముఖం మీద వెలుగు వేసి కొలిచి, 1916లో ప్లాంక్ స్థిరాంకాన్ని 6.57 అని రాశాడు (పదికి మైనస్ 34 ఘాతంతో, జౌల్ సెకన్లలో). ఇవాళ్టి విలువ 6.626. మీరు గరుకు కాగితంతో చేసే పనే ఆయన కత్తితో చేశాడు.

లోహంలో ఎలక్ట్రాన్ ఊరు విడిచి బయటికి పోవాలి, అందుకే అంత ఖర్చు. సిలికాన్ డయోడులో అది ఊళ్లోనే ఉంటుంది, ఒక ఇంట్లోంచి పక్కింటికి మారుతుంది, అంతే. దానికి 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, దీన్నే అంతరం అంటాం. అంటే 1100 నానోమీటర్ల దాకా పరారుణం కూడా సరిపోతుంది. అదే సిలికాన్ నుంచి ఎలక్ట్రాన్‌ను పూర్తిగా బయటికి లాగాలంటే దానికీ నాలుగు పైనే కావాలి. రెండో పాఠంలోని ఎల్డీఆర్‌లో (వెలుగు పడితే నిరోధం తగ్గే రెసిస్టరులో) వాడే కాడ్మియం సల్ఫైడుకు అంతరం 2.4, కాబట్టి దాని హద్దు ఆకుపచ్చ ప్రాంతంలో ఉంటుంది.

ఈ హద్దును కళ్లారా చూడటానికి జింకూ వద్దు, శూన్యమూ వద్దు. మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీలు చాలు. ఎల్ఈడీ కూడా పీ-ఎన్ సంధే. దానికి కరెంటిస్తే వెలుగిస్తుంది, వెలుగిస్తే కరెంటిస్తుంది. ఒక్కో రంగు ఎల్ఈడీ ఒక్కో అంతరం ఉన్న పదార్థం.

ఎరుపు (630 నానోమీటర్లు), పసుపు (590), పచ్చ (525), నీలం (465) రంగుల్లో రెండేసి కొనండి. లెన్సు నీళ్లలా ఉండే రకమే కొనండి. రంగు ప్లాస్టిక్ ఉన్నవి తామే వడపోత చేస్తాయి, ఫలితం ఎవరిదో తెలియదు. తెల్ల ఎల్ఈడీ అసలు వద్దు, అందులో నీలమూ పసుపూ కలిసి ఉంటాయి. ఒక్కో జంటను ముక్కుకు ముక్కు తగిలేలా 6 మిల్లీమీటర్ల నల్ల హీట్ ష్రింక్ స్లీవులో పెట్టండి, వేడి చేయనక్కర్లేదు, ఊడదీసి మార్చుకోవాలి కదా. వెలిగే ఎల్ఈడీకి 5 వోల్టుల ఫోను చార్జరు, వరసలో 330 ఓమ్‌ల రెసిస్టరు. ఎరుపుకు 9, నీలానికి 6 మిల్లీఆంపియర్ల చొప్పున వస్తుంది. ఈ తేడా గురించి దిగులొద్దు, ఇక్కడ చూస్తున్నది ఎంత అని కాదు, వస్తుందా రాదా అని.

చూసే ఎల్ఈడీకి 1 కిలోఓమ్ సరిపోదు. దాని చిప్పు ఆవగింజలో సగం కూడా ఉండదు, కరెంటు కొద్దిగానే వస్తుంది. 100 కిలోఓమ్‌లు వేయండి. అప్పుడు 0.1 మిల్లీవోల్టు అంటే ఒక నానోఆంపియర్. ఇంత పెద్ద రెసిస్టరుతో అలుగు సమస్య రాదా అంటారా? ఎరుపు ఎల్ఈడీ అలుగు ఎత్తు సిలికాన్‌ది కాదు. మధ్యాహ్నపు ఎండలో పెడితే ఎరుపు ఎల్ఈడీ ఒకటిన్నర వోల్టు దాకా చూపిస్తుంది, సిలికాన్ సెల్ ఎంత ఎండలోనైనా 0.6 దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఎరుపు ఎల్ఈడీకి 500 మిల్లీవోల్టుల దాకా నిశ్చింత. ఇక్కడ ఇబ్బంది మీటరు నుంచి వస్తుంది. చౌక మీటర్ల లోపలి నిరోధం 1 మెగాఓమ్, అది మీ 100 కిలోఓమ్‌లకు సమాంతరంగా చేరి అంకెను 9 శాతం తగ్గిస్తుంది. 10 మెగాఓమ్‌ల మీటరైతే ఒక శాతమే.

ఏం రావాలంటే: ఎరుపు ఎల్ఈడీ చూస్తుండగా పసుపు, పచ్చ వెలిగిస్తే కరెంటు వస్తుంది. పచ్చ ఎల్ఈడీ చూస్తుండగా నీలం వెలిగిస్తే వస్తుంది, పసుపుకూ ఎరుపుకూ రాదు. నీలం ఎల్ఈడీకి ఎరుపు, పసుపు, పచ్చ మూడూ చీకటే, ఆ నోట్ల టార్చి పెడితే మాత్రం లేస్తుంది. అదే రంగు ఎదురైతే కొద్దిగా వస్తుంది, ఎందుకంటే హద్దు గోడలా నిటారుగా ఉండదు, కాస్త వాలుగా ఉంటుంది. తరవాత పచ్చ ఎల్ఈడీ ఎదుట ఎరుపును పెట్టి, 330 బదులు 150 ఓమ్‌లతో కరెంటు 20 మిల్లీఆంపియర్లకు పెంచండి. కంటికి వెలుగు బాగా పెరుగుతుంది, మీటరు కదలదు. జింకు, టార్చి కథ మొత్తం ఈ స్లీవు లోపల ఉంది.

'కదిలింది' అని రాసేవారికి ముందే చెబుతున్నాను: వెలిగే ఎల్ఈడీ ఆర్పి చూడండి. అంకె అలాగే ఉంటే అది స్లీవు వెనక నుంచి, ఎల్ఈడీ కాళ్ల వైపు నుంచి దూరిన గది వెలుగు. అక్కడ నల్ల టేపు వేయాలి. మీటరు సున్నా దగ్గరే 0.1, 0.2 చూపించే అలవాటుంటే దాన్ని కూడా తీసేయండి.

అంతరం పెద్దదైతే వోల్టేజి ఎక్కువ, కానీ హద్దు దాటగలిగే ఫోటాన్లు తక్కువ. అంతరం చిన్నదైతే ఫోటాన్లు ఎక్కువ లెక్కకొస్తాయి, ఒక్కోదాని నుంచి వోల్టేజి తక్కువ. సోలార్ సెల్‌కు ఎరుపు ఎల్ఈడీ పదార్థం కాకుండా సిలికాన్ ఎందుకు వాడతారో దీన్నుంచి మీరే రాయండి, ఒక పేరా చాలు.

అభ్యాసం. ఇది రెండు సాయంత్రాల పని, తగ్గించి చేయొద్దు.

కొత్తగా, 1 కిలోఓమ్‌తో, 10 నుంచి 90 సెంటీమీటర్ల మధ్య పన్నెండు దూరాల్లో కరెంటు కొలవండి. ప్రతిచోటా అట్టముక్క రీడింగు తీసేయాలి. అదే చోట, డయోడును కదపకుండా, రెసిస్టరు ఒక కాలు విప్పి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి కూడా రాయండి. దీని నుంచి మాత్రం అట్టముక్క అంకెను తీసేయొద్దు, ఎందుకో పైన ఉంది. దీనికి జోడుగా గ్రాఫులో పెట్టే కరెంటు కూడా తీసివేత చేయనిదే కావాలి, రెండూ ఒకే వెలుగుకు చెందాలి కాబట్టి. మొదటి గ్రాఫు: దూరానికి ఎదురుగా కరెంటు వర్గమూలపు విలోమం, దాన్నుంచి మీ బల్బు వెలుగు ఎంత లోపలి నుంచి బయల్దేరుతోందో. రెండో గ్రాఫు: కరెంటు సహజ సంవర్గమానానికి ఎదురుగా వోల్టేజి, దాని వాలును 26తో భాగిస్తే మీ డయోడు ఎంత పరిపూర్ణమో తెలుస్తుంది. 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది. 1.5 దాటితే రెండో గ్రాఫులో చివరి రెండు చుక్కలు, అంటే తక్కువ వెలుగువి, వదిలేసి మళ్లీ గీయండి. అక్కడ 1 మెగాఓమ్ మీటరే చిన్న తూములా పనిచేసి వోల్టేజిని కిందికి లాగుతుంది. చివరగా, టేపు మీద 20 సెంటీమీటర్ల దగ్గర (2 కలిపితే 22) మీ కరెంటును సెకనుకు ఎలక్ట్రాన్లలోకి మార్చండి. ఒక మైక్రోఆంపియర్ అంటే సెకనుకు 6.24 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు, అంటే 6.24 గుణకం పదికి 12వ ఘాతం. ఈ సున్నాల దగ్గరే తప్పులు ఎక్కువ కాబట్టి ఘాతాల్లోనే రాయండి. 44 మైక్రోఆంపియర్లకు 2.7 గుణకం పదికి 14వ ఘాతం రావాలి. బీపీడబ్ల్యూ34 చిప్పు వైశాల్యం 7.5 చదరపు మిల్లీమీటర్లు. అంత చోటులో ఒక్క సెకనులో.

ఆరో పాఠానికి ఒక టీఎల్072 ఐసీ, రెండు 9 వోల్టుల బ్యాటరీలు, ఒక 1 మెగాఓమ్ రెసిస్టరు, 10 పికోఫారడ్ల కెపాసిటరు సిద్ధంగా పెట్టుకోండి. రెసిస్టరు ఎంత పెద్దదైనా డయోడు మీద వోల్టేజి సున్నా దగ్గరే నిలిపి ఉంచే సర్క్యూట్ కడదాం.